ఎవరి మూర?

సత్తెక్కా,

నా రాత వంకర, తప్పులూ ఉంటాయి. నాలుగో తరగతితో ఆగిపోయిన చేయి. ఏమనుకోకు.

మన లింగయ్య సారు లేరు.

నిన్న పొద్దున బావి దగ్గర విన్నాను. సగం నిండిన కడవ దింపి అట్లాగే నిలబడ్డాను. ఏడుపు కూడా రాలేదు. ఈ ఏడాది ఇట్లాంటి కబుర్లు విని విని ఒళ్లు మొద్దుబారింది.

పోలీసు క్యాంపు నుంచి వదిలాక సారు మంచం దిగనే లేదు.

ఆలేరులో ఉన్న నీదాకా ఈ మాట వేరే రకంగా వస్తుంది. పిల్లల్ని దళంలోకి తయారు చేశాడంటారు. ఊళ్లోనూ అదే అంటున్నారు.

సారును పట్టుకుపోయింది తాడు కోసం.

గజానికొక ముడి వేసిన మన బడి తాడు.

"గడీ గోడలెక్కడానికి కాకపోతే ముడులెందుకు?" అన్నారట క్యాంపులో. పిల్లలకు లెక్కలు చెప్పడానికని సారు అంటే నవ్వారట.

ఆ తాడు నీ వల్లే వచ్చింది, గుర్తుందా?

ఇసుకలో దుమికి, నీ మూరతో కొలుచుకుని ఏడన్నావు. యాదగిరి తన మూరతో కొలిచి ఆరే అన్నాడు.

"దొంగోడా, నా దుముకు మింగుతవా!" అని వాడి జుట్టు పట్టుకున్నావు.

సారు నడుమకొచ్చారు. "కొట్లాట తర్వాత. ముందుగాల చెప్పుండ్రి, ఎవల మూర?"

అందరం మన చేతులు చూసుకున్నాం.

మర్నాడు తాడు తెచ్చారు. ముడి దాటి మిగిలింది సగమా, పావా, మనమే చెప్పాలి. పలక మీద రాని లెక్క నాకు ఇసుకలో వచ్చింది.

నేను అందరికంటే దగ్గరే పడేదాన్ని. "నిన్నటికంటె పావు గజం ఎక్కువ దుమికినవ్ బిడ్డా. తీసివేత అంటే గదే," అనేవారు.

నన్ను ఊళ్లోనే ఇచ్చారు కదా, నిన్న సారును సాగనంపడానికి వెళ్లాను.

"ఎవలెవలొచ్చిన్రో క్యాంపోళ్లకు తెలుస్తది, పోకు," అన్నాడు మా ఆయన. తర్వాత తనే ముందు నడిచాడు.

మోయడానికే మనుషులు చాలలేదు.

అక్కడ చూస్తే గుంత పొట్టిగా ఉంది. సారును కొలిచింది ఎల్లయ్య తాత. ఆ మూరల లెక్క విని తవ్వింది ఆయన అల్లుడు, పొట్టి మనిషి.

"జర కాళ్లు మలవుండ్రి, జల్ది కానియ్యిండ్రి," అన్నారెవరో. అందరికీ భయమే.

నా నోరు ఎట్లా లేచిందో తెలియదక్కా.

"ఎవల మూరతోని తవ్విన్రు?" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మా ఆయన పార తీసుకుని గుంతలోకి దిగాడు. ఎల్లయ్య తాత గట్టున కూర్చుని, తన మూరతోనే మళ్లీ కొలిచాడు.

సారు కాళ్లు చాపుకునే పడుకున్నారు.

ఇక ఎవరూ లేపరు సారూ. నెమ్మదిగా పడుకోండి.

సత్తెక్కా, మనతో చదివినవాళ్లు కనబడితే నోటితో చెప్పు, ఆ తాడు దేనికో.

ఈ కాగితం మాత్రం ఉంచకు. చదివిన వెంటనే పొయ్యిలో పెట్టు.