ఇసక్కిపాండి వేసిన చక్రాల గూళ్ళు

ఇసక్కిపాండి రేకు ముక్కను ఒక్కసారి నాలుకతో తాకితే చాలు, ఆ డ్రమ్ములో ఒకప్పుడు ఏ గానుగ నూనె ఉండేదో, ఆ నూనెకు పోసిన వేరుశనగ ఏ కరువు సంవత్సరంలో పండిందో, దాన్ని పెరికిన రైతుకు ఎందరు పెళ్ళాలో కూడా చెప్పేసేవాడు. నమ్మనివాళ్ళు కోవిల్‌పట్టికి పోయి విచారించుకోవచ్చు. అక్కడి టీకొట్లలో పెళ్ళాల లెక్క ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు గాని, నాలుక సంగతి మాత్రం ఎవరూ కాదనరు.

అతను కోవిల్‌పట్టిలో కార్లకు రేకుపని చేసేవాడు. ఇంజన్ జోలికి వెళ్ళడు, రంగు జోలికి వెళ్ళడు. తుప్పు తిన్నచోట కోసి పారేసి, కొత్త రేకును అదే ఒంపుకి సాగగొట్టి, అతికింది ఎక్కడో కనిపెట్టలేనట్టు అతికేవాడు. రేకంటే విరుదునగర్ నూనె డ్రమ్ముల రేకే. కొట్లోంచి కొత్త రేకు తెచ్చిస్తామన్నా మూతి తిప్పేవాడు. ఏళ్ళతరబడి నూనె తాగిన ఇనుము వానకు లొంగదని అతని నమ్మకం. డ్రమ్మును చీల్చి, విప్పి, ఎండలో పరిచి, గుంట తొలిచిన చింతమొద్దు మీద పెట్టి చెక్కసుత్తితో కొట్టేవాడు. ఆ చప్పుడు వింటే సాత్తూరులో పసిపిల్లలు ఏడుపు మాని నిద్రపోతారని తనే చెప్పుకునేవాడు. సాత్తూరు అక్కడికి గంట ప్రయాణం.

తొంభై ఎనిమిదిలో, వానలు మొదలుకాక ముందు, బొమ్మక్క తన పాత ల్యాండ్‌మాస్టర్ కారును స్వయంగా తోలుకుంటూ అతని షెడ్డుకి వచ్చింది. ఆమెది ఒట్టపిడారం పక్క నల్లరేగడి పల్లె. పొలాలున్న ఇంటి కోడలు. మొగుడు నాగరాజన్ పత్తి పెరికేసిన చేలో ఆమెకు ఆ కారు తోలడం నేర్పాడు, నేర్పిన రెండేళ్ళకే పోయాడు. పొలం, పంట, పెట్టె తాళాలు అన్నీ మరిది మాధవన్ చేతికి పోయాయి. కారొక్కటి ఆమెకు మిగిలింది. ఆ ఇంట్లో ఎవరినీ అడక్కుండా ఆమె చేయగలిగిన పని కారెక్కి బయటికి పోవడమే.

ఆమె వెనక సీటు ఎత్తి చూపించింది. చక్రం మీద బోర్లించిన బానలా ఉండే లోపలి రేకును ఇసక్కిపాండి గూడు అనేవాడు. రెండు గూళ్ళూ జల్లెడలైపోయి ఉన్నాయి.

“చూడప్పా ఇసక్కీ. సీటెత్తితే నేల కనపడతా ఉండాది.”

“నేలేనా అమ్మా, ఇంగ రెండు వానలు పోతే నీళ్ళు నిలిచి మీన్లు గూడా పెంచుకోవచ్చు.”

ఆమె నవ్వలేదు. ఆ నెలలోనే బండి ఎఫ్‌సికి, అంటే ఫిట్‌నెస్ పరీక్షకి, పోవాలని, ఇన్‌స్పెక్టరు తోసేస్తే బండిని పాత ఇనుముకి ఇచ్చేస్తానని మాధవన్ అందరి ముందూ అన్నాడని చెప్పింది.

“బండి పోతే నేను పక్కూరికి పోవాలన్నా వాని మొగం చూడాల. అంతే ఇంగ.”

“గూళ్ళు నేనేస్తా పోండి. మీరు పోయినంక గూడా బండి ఉంటాది.”

మర్నాడే ఇసక్కిపాండి విరుదునగర్ బస్సెక్కాడు. నూనె వ్యాపారుల వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాడు. ఎప్పుడూ డ్రమ్ములు దొర్లుతుండే ఆ గోడౌన్లలో తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలు వరసగా కూర్చుని ఉన్నాయి. డ్రమ్ములన్నీ ఎప్పుడో ఎవరో పట్టుకుపోయారన్నారు. పెళ్ళిళ్ళకు వంట చేసే ఒకాయన దగ్గర ఒకటి దొరికింది గాని, ఆయన దాంట్లో నీళ్ళు పోసుకుని స్నానం చేస్తున్నాడు, బయటికి రానన్నాడు. వట్టి చేతులతో తిరిగి వచ్చేటప్పుడు ఇసక్కిపాండి కిటికీ పక్కన కూర్చుని కూడా బయటికి చూడలేదట.

ఎఫ్‌సి తేదీ దగ్గరపడింది. అతని భార్య పాండియమ్మాళ్ అగ్గిపెట్టెల కంపెనీలో మందు విభాగంలో పని చేసేది. ఒకరోజు ఆమెకు అన్నం క్యారియర్ ఇవ్వడానికి పోయినవాడికి కంపెనీ గోడ వెనక బోర్లా పడి ఉన్న డ్రమ్ములు కనిపించాయి. పుల్లల తలకు పూసే మందుపొడి వాటిల్లోనే వస్తుంది. మంచి మందపు రేకు, ఎక్కడా నొక్కు లేదు. కాపలాదారు తీసుకుపొమ్మన్నాడు. రెండు డ్రమ్ములు సైకిలుకి కట్టుకుని వచ్చేశాడు. సాయంత్రం పాండియమ్మాళ్ ఇంటికొచ్చి వాకిట్లో వాటిని చూసి, చెప్పులు విడవకుండానే నిలబడిపోయింది.

“ఇవి వద్దు. ఆ మందు పోసే తట్టలు మా కంపెనీలో ఒక్క వానాకాలం గూడా నిలవవు. లోపల్నించి తింటాది.”

“మీ కంపెనీ తట్టలు ఇసక్కిపాండి కొట్టినవా?”

“తట్టకేం తెలుసు, ఎవురు కొట్టిందీ.”

అతను నవ్వి, రేకు అంచును నాలుకతో తాకాడు. ఉప్పగా ఉంది. కోవిల్‌పట్టిలో ఉప్పగా లేనిదేముంది? తాగే నీళ్ళుప్పు, స్నానం నీళ్ళుప్పు, ఆ నీళ్ళతో ఉడికిన పప్పులో ఎవరూ వేరే ఉప్పు వేయరు. అంత పేరుమోసిన నాలుక ఆ రోజు ఊరి నీళ్ళకూ మందుకూ తేడా పట్టలేదు. ఇటుకపొడితో తోమి, కడిగి, ఎండబెట్టి, ఇక దాని మాట మరిచాడు.

పని మాత్రం చూసి తీరవలసిన పని. ఏళాయిరంపన్నై టపాసుల పెట్టె అట్టను కత్తిరించి పాత గూడు ఒంపుకి అచ్చు తీశాడు. రేకును చింతమొద్దు గుంటలో తిప్పితిప్పి కొట్టాడు. గూడు ఒక్క రేకుతో రాదు. రెండు ముక్కలు కొట్టి, అంచు మీద అంచు మడిచి, గ్యాస్‌తో అతకాలి. ఆ మడతను ఆకురాయితో ఎంత అరగదీశాడంటే, చీమ ఎక్కినా జారి పడేది. లోపలివైపు తారు పూశాడు, బయటికి తుప్పు ఆపే ఎర్రపూత. ఇన్‌స్పెక్టరు స్క్రూడ్రైవరుతో పొడిచి చూశాడు, బూటుతో తన్ని చూశాడు, సంతకం పెట్టాడు.

ఆ ఏడాది బొమ్మక్క మిరపకాయలు తనే విరుదునగర్ తీసుకుపోయి, మండీలో కమిషన్ వ్యాపారుల ఎదుట కూర్చుని తనే ధర మాట్లాడింది. ఆడమనిషి కారు తోలుకుంటూ మండీకి వచ్చిందని అక్కడ కాటా ముల్లు కూడా కాసేపు కదలకుండా చూసిందని ఇసక్కిపాండి ఊరంతా చెప్పుకు తిరిగాడు. ఆమెకన్నా అతనికే గర్వం ఎక్కువైంది.

మరుసటి వానలు వెనకపట్టిన రోజుల్లో ఆమె హారన్ మోగడం లేదని షెడ్డు దగ్గర ఆపింది. అలవాటు కొద్దీ ఇసక్కిపాండి వెనక చక్రం పైకి చెయ్యి పోనిచ్చాడు. మడత దగ్గర వేలు లోపలికి దిగింది. బయటికి తీస్తే వేలి నిండా తడిసిన తుప్పు, పొరలు పొరలుగా. పైన తారు తారులాగే ఉంది, దాని కింద ఇనుము లేదు. కడిగినా వదలని మందు మడతలోపల కూర్చుని తన పని తాను చేసుకుపోయింది.

బండి ఈడ పెట్టి పోండి, కొంచెం పని ఉండాది అన్నాడు. మిరపకాయలు కోసి కుప్ప పోసున్నాయి, అవి మండీకి చేరినంక తెస్తానని ఆమె అంది. అతను ఇంకొక్క మాట గట్టిగా చెప్పి ఉంటే ఆమె తాళం ఇచ్చి బస్సులో పోయేది. గట్టిగా చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. అంతవరకూ లోకంలో ఏ విషయానికీ మాట తడుముకోని మనిషికి, ఆ ఒక్క విషయానికి నోరు రాలేదు. ఆమె పోయింది.

అతను మళ్ళీ విరుదునగర్ పోయాడు. ఈసారి వీధులు కాదు, ఇళ్ళ పెరళ్ళు తిరిగాడు. ఒక ముసలి వ్యాపారి పెరట్లో కోళ్ళను మూసే డ్రమ్ము ఒకటి దొరికింది. నాలుక ఆనించాడు. నూనె. కోళ్ళను తోలేసి, దాన్ని బస్సు మీదికెక్కించి, దిగిన చోటినుంచి నెత్తిన పెట్టుకుని నేరుగా బొమ్మక్క పల్లెకే నడిచాడు.

ఆలస్యమైంది. ముందురోజే ఒట్టపిడారం దారిలో గూడు చిరిగి, రేకు చక్రంలోకి దిగి, బండి మిరపకాయల మూటలతో సహా వెనక్కి కూలబడింది. ఆమెకు దెబ్బ తగల్లేదు. అయితే బస్సొకటి ఆగి, బస్సులోని వాళ్ళంతా దిగి చూశారు. మాధవన్ ట్రాక్టర్ తెచ్చి కట్టించాడు. బండి ఇంటికి రాలేదు, అటునించి అటే పాత ఇనుము కొట్టుకి పోయింది.

బొమ్మక్క వాకిట్లో మిరపకాయలు ఏరుతోంది. నల్లమట్టి అంటినవి ఒక పక్క, అంటనివి ఒక పక్క.

“ఏందిది?”

“రేకమ్మా. నూనెది.”

“అయితే ముందు వేసింది?”

అతను డ్రమ్ము దించాడు. “అగ్గిపెట్టెల కంపెనీది. ఆ దినం చెయ్యి పెట్టినబుడే తెలిసె నాకు.”

ఆమె చేతిలోని మిరపకాయను మట్టి అంటినవాటిలో పడేసింది.

“ఆ దినమే చెప్పింటే ఎంత దూరమైనా పోయి నేనే రేకు తెస్తునే. అబుడు నాకు బండి ఉన్నిందే.”

ఆ తర్వాత షెడ్డు ఎంతో కాలం నిలవలేదు. కొత్తగా వచ్చే కార్లకు రేకులు అచ్చులో పోసినట్టు తయారై పెట్టెల్లో వస్తున్నాయి, పాతది ఊడదీసి కొత్తది బిగిస్తే సరి. చింతమొద్దును పొయ్యిలోకి కొట్టించి, ఇసక్కిపాండి విరుదునగర్‌లో పెరియసామి అనే ఆయన పాత ఇనుము కొట్లో గ్యాస్‌తో బండ్లు కోసే కూలికి చేరాడు. అక్కడ వెనకవైపు, ముళ్ళకంపల్లో, ల్యాండ్‌మాస్టర్ నాలుగేళ్ళుగా అలాగే కూలబడి ఉంది. గొర్రెల కాపరి ఒకడు ఎండకు దాంట్లో పడుకునేవాడు. రెండు వేల మూడులో పెరియసామి దాన్ని కోసేయమన్నాడు.

ఆ రోజు జరిగింది కోవిల్‌పట్టిలో ఎవరినడిగినా చెబుతారు. ఇసక్కిపాండి మంట వెలిగించి వెనక గూడు దగ్గర మోకరిల్లాడట. కళ్ళద్దాల లోపల నీళ్ళు నిండి, పొంగి, గొట్టం మీద కారి, ఇనుమునే కరిగించే ఆ మంట ఆరిపోయిందట. పెరియసామి అంతటివాడు చూసి చలించి, ఇక ఈ బండిని ముట్టొద్దురా అని కేకేశాడట. సగం కోసిన ల్యాండ్‌మాస్టర్ నేటికీ ఆ ముళ్ళల్లో అలాగే ఉందట.

ఈ మాట ఎవరో అతని ఎదుటే చెబితే ఇసక్కిపాండి టీ గ్లాసు కింద పెట్టి అన్నాడు. “మంట ఆరింది నిజమే. సిలిండర్‌లో గ్యాస్ అయిపాయె. మరుసటి దినం ఇంగొకటి వచ్చె, మిగిలింది కోసేస్తిని.”