పసుపు తాగిన కారు

మొన్న మానుకోట నుంచి ఒక పిల్లగాడు వచ్చి నా ముంగట తుప్పు పట్టిన రేకు డబ్బా పెట్టిండు. పాత కార్లు కొని, బాగుచేసి, పెండ్లి ఊరేగింపులకు కిరాయికిచ్చుడు అతని పని. మా నాయిన నడిపిన కారు ఎన్ని చేతులు మారిందో ఏమో, ఆఖరికి భూపాలపల్లి దిక్కు ఎవరిదో కొట్టంల, కోళ్ళు పండుకునే కాడ దొరికిందట. డబ్బా సీటు కింద ఉండెనట. మూత ఊడదీసి ముక్కు దగ్గర పెట్టుకున్న. అడుగున రాయి లెక్క గట్టిపడ్డ పసుపు. వాసన ఎన్నడో పోయి ఉంటది, అయినా నాకు వచ్చింది. ఉత్త పసుపు వాసన కాదు, కాగిన ఇనుముల ఉడికిన పసుపు వాసన.

నేను నలభై దాటినంక అక్షరాలు నేర్చినదాన్ని, తిప్పి తిప్పి చెప్పుడు రాదు. మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, ఒక రేడియేటర్ వల్ల చచ్చిపోయింది. ఆ రేడియేటర్‌ను ఎంచింది నేను.

మాది కొడకండ్ల పక్క ఊరు. దొర కొత్త కారు కొనుక్కొని, నిజాం కాలం నాటి పాతదాన్ని డ్రైవరైన మా నాయినకు వదిలేసిండు. బస్సు ఎరుగని మా ఊరికి అదే బస్సు, అదే దవాఖాన బండి. బతుకమ్మ నాడు తంగేడు పూల మోపులు దాని నెత్తిన కట్టుకొని వస్తుంటే ఆడపిల్లలమంతా కిటికీల నుంచి సగం బయటికి వేలాడేటోళ్ళం, ఒళ్ళో సద్దుల గిన్నె, వేళ్ళకు మలీద ముద్దల బెల్లం జిగట, లోపలంతా పెట్రోలు, పూలు, నువ్వులపొడి కలిసిన వాసన. ఎండకాలం అదే సీట్ల మీద తాటిముంజల గెలలు, వాటి నీళ్ళు కారి మా లంగాలకు మరకలు.

ఇంజన్‌ను సల్లబరిచే నీళ్ళ పెట్టెనే రేడియేటర్ అంటరు. మా కారుది సన్నగ కారేది. నాయిన పొద్దున్నే దాని మూత తీసి గుప్పెడు పసుపు పోసేటోడు. పసుపు నీళ్ళల్ల ఉడికి, చిల్లు కాడికి పోయి గడ్డకట్టి మూసేది. అవ్వ రోట్ల పసుపు కొమ్ములు దంచుకుంట, "నా మొకానికి లేకున్నా నా సవతికి మాత్రం పసుపు తప్పది" అని ఎత్తిపొడిచేది. నాయిన నవ్వుకుంట, "ముసలిదైందే పాపం, దాని మీద నీకేం కోపం?" అనేటోడు.

తెలంగాణ కావాలని చదువుకునే పోరగాండ్లు మొదటిసారి రోడ్ల మీదికొచ్చిన ఏడు అది. బడులు మూతబడ్డయ్. నేను ఎట్లాగు బడి మొకం చూడనిదాన్ని, నాకు అన్ని దినాలు బందే. బస్సులు, రైళ్ళు ఎన్నడు నడుస్తయో ఎవరికీ తెల్వది. అవ్వకు నెలలు నిండుతున్నయ్. నా వెనక పుట్టినోళ్ళు ఇద్దరు పురిట్లనే పోయిండ్రు. మంత్రసాని చేతులెత్తేసింది. "ఈసారి నాతోని కాదు సాయిలూ, జనగామ దవాఖానకు తీస్కపో" అన్నది నాయినతోని. కారు చూస్తే పసుపుకు లొంగుతలేదు, జనగామ పోయేసరికి మూడు కుండల నీళ్ళు తాగుతున్నది. వేరే రేడియేటర్ పెట్టక తప్పలేదు.

జనగామల ఖాజా తాత ఉండె, నాయిన నన్ను ఎంటబెట్టుకొని ఆయన కాడికి పోయిండు. గిన్నెలకు కళాయి పూసుకుంటనే రేడియేటర్ల చిల్లులకు మాట్లేసేటోడు. ఆయన దుకాణం నిండ కళాయికి వాడే నవాసాగరం పొగ, పక్కనే చిల్లుల పరీక్షకు పెద్ద నీళ్ళ తొట్టి. నాయిన జానతో కొలిచి రెండు ఏరిండు. ఒకటి నల్లగ, మొకం నిండ మాట్లతోని మశూచి పోసినట్టు ఉన్నది. ఇంకోటి ఇత్తడిది, తళతళ మెరుస్తున్నది.

"గీ మాట్లది నేను చేసిందే సాయిలూ, నీళ్ళాపుతది" అన్నడు ఖాజా తాత. "గా పిత్తల్‌ది డోర్నకల్ల రైలు సామాను వేలం పాటల కొన్న. లోపల ఏమున్నదో నాకూ తెల్వది. తొట్ల ముంచి, గాలి కొట్టి చూసినంక చెప్త."

తొట్టి సగం నిండిందో లేదో పోరగాండ్లు గుంపుగ వచ్చిండ్రు. "తాతా, బంద్! దుకాణం ముయ్యి."

"జర ఠైరో బేటా."

"నీకు తెలంగాణ వద్దా ఏంది?"

"కావాలె. గీ తొట్టి నిండేదాక ఆగదా మీ తెలంగాణ?"

అందరు పక్కున నవ్విండ్రు. నవ్వుకుంటనే మమ్ములను, ఆ రెండు రేడియేటర్లను బయటికి పంపి తలుపులు దగ్గరికేసిండ్రు, పరీక్ష ఆడికే ఆగిపోయింది. రేపు కూడ బందే అన్నరు. అవ్వకు రేపో మాపో అన్నట్టుండె. నాయినకు మాట్లు చూస్తే మనసొప్పుతలేదు, ఏండ్లపాటు చిల్లులతోనే సంసారం చేసినోడు.

మా ఇంట్ల తొలకరికి మొదటి విత్తు ఆడపిల్ల చేతనే పెట్టిచ్చేటోళ్ళు. మూడేండ్ల సంది ఆ చెయ్యి నాదే, మూడేండ్లు జొన్న మంచిగ పండింది. నాయిన నా దిక్కు చూసి, "బిడ్డా, నువ్వు ఒకటి ముట్టు" అన్నడు.

నేను ఇత్తడిదాన్ని ముట్టిన. దాంట్ల నా మొకం కనబడ్డది, అంతకన్న ఏం లేదు.

"అరే సాయిలూ, పిల్ల మెరుపు చూస్తది" అన్నడు ఖాజా తాత.

"మా ఇంట్ల విత్తు పెట్టే చెయ్యి తాతా అది" అన్నడు నాయిన.

నాలుగొద్దులు చుక్క కారలేదు. అయిదోనాడు, మిట్టమధ్యాన్నం అవ్వకు నొప్పులు మొదలైనయ్. దేవరుప్పుల దాటినంక ముంగట తెల్లటి పొగ లేచింది. రేడియేటర్ అడుగున అతుకు మొత్తం విచ్చుకపోయింది. నాయిన డబ్బాల పసుపంతా కుమ్మరిచ్చిండు. పచ్చటి నీళ్ళు చక్రాల మధ్య నుంచి రోడ్డు మీద పారినయ్. అడ్డం రాళ్ళు పెట్టి కూసున్న పోరగాండ్లు నినాదాలు ఆపి, ఆ రాళ్ళు వాళ్ళే తీసి కారు నూకిండ్రు. ఒకడు అంగి విప్పి అతుకుకు చుట్టబోతే చేతులు బొబ్బలెక్కినయ్. ఎంత నూకినా దవాఖాన దూరమే ఉన్నది. అవ్వ వెనక సీట్ల నా చెయ్యి గట్టిగ పట్టుకొని ఉండె. తర్వాత పట్టుకోలేదు. కడుపులది కూడ బతకలేదు.

నాయిన ఆ రేడియేటర్ ఊడబీకి బాయిల పడేసిండు. నన్ను ఒక్క మాట అనలేదు, ఒక్క దెబ్బ కొట్టలేదు. వానలు పడ్డయ్. విత్తు పెట్టేనాడు పొద్దున్నే తానం చేసి, తల దువ్వుకొని దర్వాజల నిలబడ్డ. నాయిన నా పక్క నుంచే పోయి మా పెదనాయిన బిడ్డను పిలుచుకొని చెలకకు పోయిండు. బతికినన్నొద్దులు మళ్ళ నా చెయ్యి అడుగలేదు.

ఇప్పుడు విత్తు పెట్టేది మిషను. కళాయి పూసిన గిన్నె ఎవరింట్ల లేదు, ఖాజా తాత దుకాణం కాడ ఫోన్లు అమ్ముతున్నరు. తెలంగాణ వచ్చింది. ఆనాడు కారు నూకినోళ్ళల్ల ఎవరున్నరో, ఎవరు పోయిండ్రో తెల్వది.

మానుకోట పిల్లగాడు ఫోనుల రెండు బొమ్మలు తీసి నా ముంగట పెట్టిండు. రెండు రేడియేటర్లు. "పెద్దమ్మా, ఆ కారును అప్పట్ల చూసినోళ్ళల్ల నువ్వొక్కదానివే మిగిలినవు. ఏది పెట్టాల్నో జర వేలు పెట్టి చూపియ్యి" అన్నడు.

"తొట్ల ముంచి చూసినంకనే కొనుక్కో బిడ్డా" అన్న. చెయ్యి మాత్రం కొంగుల నుంచి బయటికి తియ్యలేదు.