వాదన మధ్యలో లేచి వెళ్ళిన తాతయ్య

మిలటరీలో చేసిన మా తాతయ్య పోయి నెల. ఈ రోజు ఏలూరు నుంచి కొల్లేటికోట వెళ్ళి నాయనమ్మను టీ అడిగాను. ఆవిడ వంటింట్లో డబ్బాల మూతలన్నీ తీసి చూస్తోంది.

"పంచదార ఎక్కడుందో నాకేం తెలుసు నాన్నా? మిలట్రీ నుంచి వచ్చేసిన కాణ్ణించీ వంటిల్లు ఆయనదే."

ఇక్కడికి వచ్చినప్పుడల్లా స్త్రీ సమానత్వం మీద కరపత్రాలు చదివి వినిపిస్తూ, ఇంట్లో కూడా కమాండరేనా అని తాతయ్య మీద ఎగిరేవాణ్ణి. ఆయన మధ్యలో లేచి లోపలికి వెళ్ళిపోతే ఓడిపోయారనుకునేవాణ్ణి. కాసేపటికి నాయనమ్మ టీ తెచ్చేది.

"మరి నాతో వాదిస్తూ మధ్యలో అలా ఎందుకు లేచొచ్చేసేవారు?"

"అరిచి అరిచి నీ గొంతు ఎండిపోద్దని, టీ పెట్టడానికి."

ఈ పూట టీ నేనే పెట్టాను. నీళ్ళలా ఉందంది. మీ ఇంట్లో టీ ఎవరు పెడుతున్నారో ఎప్పుడైనా లోపలికి వెళ్ళి చూశారా?