డ్రమ్ములక్క పాసైన సంగతి

టైరు పంక్చరై బస్సు దారి మధ్యలో ఆగిపోతే, కిందికి దిగినవాళ్లలో డ్రమ్ములక్కకు మాస్టారు కనబడ్డాడు. ఆవిడ బయల్దేరిందీ ఆయన కోసమే. వయోజన విద్యా కేంద్రంలో పాఠాలు చెప్పింది ఆయనే. చెప్పాడనడం ఎందుకు, ఫోను చెప్పేది, ఆయన పట్టుకునేవాడు.

డ్రమ్ములక్క పాతికేళ్లుగా ఖాళీ డ్రమ్ములు కడిగే మనిషి. నూనె డ్రమ్ములను జనం నీళ్లు పట్టుకోవడానికి కొనుక్కుంటారు, పురుగుమందుల డ్రమ్ములను కోసి తుక్కులో వేస్తారు. మూత తీసి వాసన చూసి ఏది ఏదో చెప్పేసేది. మనిషి బుర్రలో ఎన్ని అరలున్నాయో ఏ పండితుడూ తేల్చలేదు గానీ, ఆవిడకు మాత్రం చెవి అర మహా పెద్దది. పక్కవాళ్లు చదివిన పాఠం రెండుసార్లు వింటే చాలు, ఫోనులో బొమ్మ కనబడగానే గడగడా అప్పజెప్పేది. అందులోని కృత్రిమ మేధ "శభాష్, చదివేశారు" అనేది. అలా పాసైంది. పేటంతా నూటికి నూరు పాళ్లు అక్షరాస్యులయ్యారనీ, దేశం ఓ మెట్టెక్కిందనీ పైకి నివేదిక వెళ్లింది. కేంద్రానికి తాళం పడింది. సర్టిఫికెట్ చూసిన యజమాని కడగడం మాన్పించి, మీద అంటించిన చీటీలు చదివి డ్రమ్ములు వేరుచేసే పనిలో పెట్టాడు.

"మాస్టారూ, నాకు చదువు రాదని కాగితం రాసివ్వండి."

"అదేం కోరికమ్మా! లోకమంతా వచ్చని రాయించుకుంటుంటే!"

"నవ్వకండి. ఒక్క ముక్క రాదు నాకు. మీకు తెలుసుగా?"

మాస్టారి చూపు టైరు మీదికి మళ్లింది. "తెలుసు. అప్పుడు చెబితే నా ఉద్యోగం ఊడేది. ఇప్పుడు చెబితే ఇద్దరం ఇరుక్కుంటాం."

"పోనీ, మళ్లీ కూర్చోబెట్టండి."

"పాసైనవాళ్లను ఆ ఫోను మళ్లీ తీసుకోదు. ఇన్నాళ్లూ ముక్కుతో నెట్టుకొచ్చావుగా, అలాగే కానివ్వు."

"వాసన లేనివి వస్తున్నాయండీ." సంచిలోంచి తడిసిన చీటీ తీసింది. "నిన్న ఒకదానిది ఊడొచ్చింది. కంపు లేదు కదాని నూనెల వైపు పెట్టాను. ఏంటో చూడండి."

ఆయన కళ్లజోడు సర్దుకుని చదివాడు. మళ్లీ చదివాడు.

"పురుగుల మందమ్మా. కడిగినా పోదట. డ్రమ్ము ఎక్కడుంది?"

"పొద్దున్నే బండికెక్కించారు. మా పేట వైపే పోయింది."

"యజమానికి ఫోన్ చెయ్యి!"

"అమ్మిన సరుకు వెనక్కి తెమ్మంటే వింటాడా ఆయన?"

టైరు బిగించిన డ్రైవరు "ఎక్కండి, ఎక్కండి" అని కేకేశాడు. మాస్టారు అటు చూసి ఇటు తిరిగేసరికి డ్రమ్ములక్క పక్కన లేదు. చీటీ ఆయన చేతిలోనే ఉంది. బస్సు వచ్చిన దారినే ఆవిడ వెనక్కి, పేట వైపు పోతోంది, చెప్పులు చేత్తో పట్టుకుని.