నీటి తీరువా

అరవై ఏడు ఎన్నికల్లో రేపల్లె నుంచి స్వతంత్రంగా నిలబడ్డ వెంకటరాఘవయ్య మాస్టారు సైకిల్ మీదే ప్రచారానికి తిరిగేవారు. ఏ ఊరెళ్లినా ముందు పంచె ఎగగట్టి, కాలువలో దిగి నీళ్లెంత లోతున్నాయో చూసేవారు. మిగతా అభ్యర్థులందరూ శిస్తు రద్దు చేయిస్తామంటున్నారు. అడవులదీవిలో, కాలువ నీళ్లందని చేనున్న రంగమ్మ అనే రైతు సూటిగానే అడిగింది. "మీరూ ఆ మాట అనండి మాస్టారూ, ఊరంతా ఓటేస్తాం."

"అనలేనమ్మా. శిస్తు మొత్తం తీసేస్తే కాలువ పూడిక దేంతో తీయిస్తారు? నీళ్లందని చేనుకి మాత్రం నీటి తీరువా వెయ్యకూడదు. నేను కొట్లాడేది దానికే."

ఆయన ఓడిపోయారు. ఫలితాలొచ్చిన మూడో రోజు పొద్దున్నే వచ్చి రంగమ్మ అరుగు మీద కూర్చున్నారు.

"ఓడిపోయారు గదండి, మళ్లీ ఎందుకొచ్చారు?" అందామె.

"నీ చేను సర్వే నంబరు చెప్పమ్మా, అర్జీ రాయాలి" అంటూ ఆయన కలం మూత తీశారు.