రూతక్క డ్యూటీకి తోడుగా: అచ్చంపేట నుంచి శంషాబాద్ దాకా

మా పెద్దబాపు కూతురు రూతక్క విమానం నడుపుతుంది. మా అచ్చంపేటలో ఈ మాట చెబితే సగం మంది నవ్వుతారు, మిగతా సగం మంది "లోపల చాయ్ ఇచ్చే పనా?" అని అడుగుతారు. కాదు, ముందు కూర్చుని నడిపే పనే. కెప్టెన్ పక్క సీటు, కో-పైలట్. ఆ సీటు ఇంకా పూర్తిగా తనది కాలేదు. నేర్చుకునే రోజులు అయిపోయాక ఒక పెద్ద కెప్టెన్ పరీక్ష చేస్తాడు, దాన్ని చెక్ అంటారు. అది పాసైతేనే సీటు ఖాయం. అక్క చెక్ ఒకసారి వాయిదా పడింది. రెండోసారి ఏప్రిల్‌లో ఒక గురువారం, సాయంత్రం ఐదు గంటల విమానానికి పెట్టారు. సరిగ్గా ఆ వారంలోనే పెద్దబాపుకు కంటి ఆపరేషన్ అయింది. రెండు రోజుల సెలవు దొరికితే చూసిపోదామని వచ్చిన అక్క, "తిరిగి పోయేటప్పుడు నువ్వు గూడ రారా తమ్మీ, విమానాలను దగ్గర కెళ్లి చూద్దువు" అంది. నేను విమానాన్ని మా ఇంటి మీద తెల్ల గీతలాగా చూడడమే తప్ప దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు. అట్లా మొదలైంది ఈ ప్రయాణం.

అక్క ఇంటికి వస్తే ఎక్కువగా నిద్రపోతుంది. ఒకరోజు తెల్లవారుజామున డ్యూటీ, ఇంకోరోజు అర్ధరాత్రి, అందుకని దొరికినప్పుడల్లా నిద్ర దాచుకోవాలట. కళ్లకు నల్లగుడ్డ కట్టుకుని పగలు పన్నెండింటికి పడుకుంటే మా అవ్వకు నచ్చదు. "ఏం కొలువో ఏమో, కోళ్లు తిరిగేయాల్ల పండుకుంటది" అని గొణుగుతుంది. పెద్దబాపుకు మాత్రం అర్థమవుతుంది. ఆయన డిపోలో ముప్పై ఏళ్లు బస్సు నడిపాడు. బుధవారం రాత్రి అన్నం తింటూ "రేపు ఊదుడున్నదా బిడ్డా?" అని అడిగాడు. "డ్యూటీ ఉన్న రోజల్లా ఉంటది బాపూ" అంది అక్క. డ్యూటీ ఎక్కే ముందు తాగలేదని రుజువుకు గొట్టంలో ఊదాలి. బస్సు డ్రైవర్‌కూ అదే, పైలట్‌కూ అదే. పైలట్‌కు ఇంకో రూలుంది. విమానం లేవడానికి ముందు పన్నెండు గంటలు చుక్క కూడా ముట్టకూడదు, దగ్గు మందులో ఉన్నది కూడా లెక్కే.

గురువారం పొద్దున్నే ఐదింటికి నేను సాయిలు మామ దగ్గరికి పోయాను. ఆయన ఈత చెట్లు గీస్తాడు. అప్పుడే దించిన నీరా తియ్యగా, చల్లగా ఉంటుంది, మత్తుండదు. చిన్నప్పుడు అక్కకు అదంటే ప్రాణం. ఊరి నుంచి పోయేటప్పుడు ఇద్దామని స్టీలు సీసా నింపించుకున్నాను. "ఎండ పడకముందే తాగిపియ్ రా" అన్నాడు మామ. తలూపాను. ఇంటికొచ్చేసరికి అక్క ఇంకా నిద్రలోనే ఉంది. డ్యూటీకి ముందు నిద్ర చెడగొట్టొద్దని అందరికీ చెప్పి పడుకుంది కదా, లేపలేదు. సీసాను నా సంచిలో పెట్టుకున్నాను.

ఎనిమిదిన్నరకు అచ్చంపేట బస్టాండులో హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. హాజీపూర్ దగ్గర శ్రీశైలం రోడ్డు కలుస్తుంది, అక్కడి నుంచి డిండి, కల్వకుర్తి, ఆమనగల్లు మీదుగా తుక్కుగూడ. విమానాశ్రయానికి పోయేవాళ్లు సిటీ లోపలి దాకా పోనక్కర్లేదు, తుక్కుగూడలో దిగితే చాలు. మూడు గంటల పైనే పడుతుంది. నాకు టికెట్ నూట యాభై అయింది. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి అక్క ఆధార్ కార్డు చూపించింది. భుజాల మీద గీతలున్న తన తెల్లచొక్కాను ప్లాస్టిక్ కవర్లో పెట్టి కిటికీ కడ్డీకి తగిలించింది. అది ఊగుతుంటే కండక్టర్ చూపు దాని మీదే ఉంది.

"ఏం కొలువమ్మా నీది?"

"డ్రైవర్‌నే అన్నా."

"ఏ బండి?"

"విమానం."

కండక్టర్ టికెట్ మిషన్ పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. "మేం నీకు జీరో టికెట్ ఇస్తున్నం గద. నువ్వు మాకెప్పుడిస్తవ్ మరి?" అన్నాడు. బస్సులో సగం మంది నవ్వారు. అక్క కూడా నవ్వింది గానీ, మోకాలు ఊగుతూనే ఉంది. పొద్దుటి నుంచీ అంతే. ఫోన్ తీస్తుంది, పాఠాలు చూస్తుంది, మూస్తుంది, మళ్లీ తీస్తుంది. డిండి చెరువు కనబడినప్పుడు మాత్రం కాసేపు బయటికి చూసింది. కెప్టెన్, కో-పైలట్ ఒకే కూర తినరని అప్పుడే చెప్పింది. ఒక కూర చెడిపోయినా ఇద్దరిలో ఒకరైనా బాగుండాలి కదా. "బాపు, ఆయన కండక్టర్ ఒకే డబ్బల కెళ్లి తినేటోళ్లు" అంది.

కల్వకుర్తి దాటాక ఎండ గట్టిగా పడింది. అక్క నీళ్లు అయిపోయాయి. కళ్లు ఫోన్ మీద నుంచి తీయకుండానే "తాగనీకి ఏమన్న ఉన్నదారా?" అని చేయి చాపింది. నాకు సంతోషమైంది. సీసా ఇచ్చాను. మూత తిప్పగానే బుస్సుమంది, అంచున నురుగు కనబడింది. అది పులిసిందని నాకు ఆ ఒక్క క్షణంలోనే తెలిసింది. చెప్పాలి. నోరు రాలేదు. అక్క రెండు గుటకలు వేసి ఆగింది.

"ఇదేందిరా?"

"నీరా అక్కా. సాయిలు మామ ఇచ్చిండు."

"ఎప్పుడు?"

"పొద్దుగాల అయిదింటికి."

వాసన చూసింది. "ఇప్పుడిది నీరా గాదు తమ్మీ. కల్లు." కిటికీలోంచి ఉమ్మింది. టైం చూసుకుంది, పదీ ఇరవై. విమానం సాయంత్రం ఐదింటికి. మధ్యలో ఏడు గంటలు కూడా లేవు. నాలుగింటికి ఊదాలి. దొరికితే మొదటిసారైనా సరే నెలల తరబడి విమానం ఎక్కనివ్వరు.

"రెండు గుటకలే గదా అక్కా, అప్పటికల్లా దిగిపోతది" అన్నాను. ముందు సీటు ముసలమ్మ మొత్తం వింటోంది. "జామాకు నములు బిడ్డా, వాసన గీసన ఏం రాదు" అంది. అక్క ఆమె వైపు చూసి తల ఊపింది. కాసేపయ్యాక "మిషన్ల రాకపోవచ్చు" అని తనకు తానే చెప్పుకున్నట్టు అంది. చెక్ మళ్లీ వాయిదా పడితే ఎప్పుడు పెడతారో తెలియదు. ఆమనగల్లు వచ్చేదాకా ఫోన్‌ను ఒక చేతిలో నుంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూనే ఉంది. చివరికి పెద్దబాపుకు ఫోన్ కలిపింది. పక్కనున్న నాకూ ఆయన గొంతు వినబడుతోంది.

"బాపూ, డ్యూటీకి ముందట తెల్వక తాగినవనుకో. ఏం జేస్తవ్?"

"ఎంత?"

"రెండు గుటకలు. కల్లు."

"మిషన్ పట్టుకుంటదా?" అన్నాడు.

"పట్టుకోకపోవచ్చు."

"నేనొకసారి దగ్గు మందు తాగి పోయిన బిడ్డా. ఎవరికీ చెప్పలే. ఊదిన, మిషన్ ఏమనలే. శ్రీశైలం బండి. ఘాట్‌ల ప్రతి మలుపు కాడ నా కాలు వణికింది. మందుకు గాదు. నాకెరుక గనుక వణికింది. నీ ఎన్క ఎంతమంది కూసుంటరు?"

"నూట ఎనభై."

"అంతమందిని ఎక్కిచ్చుకోని వణుకుతవా?"

అక్క ఫోన్ పెట్టేసింది. కళ్లు తుడుచుకుని, వెంటనే వాళ్ల కంపెనీకి ఫోన్ చేసింది. ఇంగ్లీషులో మాట్లాడింది, ఏం మాట్లాడిందో తర్వాత నాకు చెప్పింది. జ్వరమని చెప్పొచ్చు, ఎవరూ అడగరు. కానీ పొరపాటున పులిసిన కల్లు తాగానని, ఎన్నింటికి తాగానో, ఎంత తాగానో ఉన్నదున్నట్టు చెప్పింది. ఇంగ్లీషు రాకపోయినా కల్లు అన్న మాట నాకు వినబడింది. అవతలివాళ్లు ఆ మాటను రెండుసార్లు చెప్పించుకున్నారు. ఇట్లాంటి వేళ కోసమే యూనిఫాం తయారుగా పెట్టుకుని ఇంట్లో కూర్చునే పైలట్లు ఉంటారట, వాళ్లలో ఒకరిని పిలుస్తామన్నారు. చెక్ సంగతి తర్వాత చెబుతామన్నారు. అంతే. కవర్లోని చొక్కా ఇంకా ఊగుతూనే ఉంది.

కడ్తాల్ దాటాక నేను అన్నాను, "అక్కా, బుస్సుమన్నప్పుడే నాకు తెలిసింది. చెప్పలేకపోయిన."

తిడుతుందనుకున్నాను. నా వైపు తిరిగింది. "మాకు మొదలు నేర్పేది గిదే తమ్మీ. కెప్టెన్ ఎంత పెద్దోడైనా సరే, తప్పు జేస్తున్నడనిపిస్తే పక్క సీటోళ్లు నోరు తెరిచి చెప్పాలె. సిగ్గువడి ఊకుంటే ఇద్దరూ పోతరు, ఎన్కున్నోళ్లు గూడ పోతరు."

పదకొండూ నలభైకి తుక్కుగూడలో దిగాం. అక్క గది శంషాబాద్‌లో ఉంది. అవుటర్ రింగ్ రోడ్డు మీదికి ఆటోలను రానివ్వరు, కింద సర్వీస్ రోడ్డు మీద పోవాలి. రెండు వందల యాభైకి మాట్లాడుకున్నాం. ఆటో అన్న ఒక చేత్తో నడుపుతూ ఇంకో చేత్తో ఫోన్‌లో వీడియోలు చూస్తున్నాడు. ఎదురుగా లారీలు. మాట రెండుసార్లు నోటి దాకా వచ్చి ఆగింది. మూడోసారి గట్టిగానే వచ్చింది.

"అన్నా, ఫోన్ జర జేబుల పెట్టుకోరాదే!"

అద్దంలో నన్ను చూశాడు. "ఫికర్ జెయ్యకు తమ్మీ, ఇరవై ఏండ్ల సంది నడుపుతున్న."

"అయినా పెట్టుకో అన్నా."

పెట్టుకున్నాడు. అక్క నవ్వింది. బస్సులో కండక్టర్‌తో నవ్విన నవ్వు కాదు.

గదిలో టమాట పప్పు వండుకుని తిన్నాం. పడుకోవడానికి చూసింది గానీ నిద్ర రాలేదు. మూడింటికి అలారం మోగింది, ఒకటి కాదు, వరసగా మూడు. డ్యూటీకి పెట్టుకున్నవి. ఒక్కొక్కటే ఆపింది. నాలుగున్నరకు "దా, విమానం చూస్తనన్నవ్ గద" అని లేచింది. రన్‌వే వైపు గోడ పక్కన ఒక మట్టి రోడ్డుంది, అక్కడ ఒక చాయ్ బండి కూడా ఉంది. చాయ్ పదిహేను రూపాయలు. ఇద్దరం నిలబడి తాగాం. ఐదూ పదికి అక్క ఎక్కాల్సిన విమానం రన్‌వే మీదికి వచ్చింది. దూరంగా ఉన్నప్పుడు చిన్నదే. దగ్గరికి వస్తుంటే భూమి కాళ్ల కింద అదిరింది. అక్క గాజు గ్లాసును గోడ మీద పెట్టి, తనే నడుపుతున్నట్టు ఎడమ చేతిని తెలియకుండానే మెల్లగా ముందుకు తోసింది. పెదాలు ఏవో అంకెలు చెబుతున్నాయి. విమానం ముక్కు లేవడానికి ఒక్క క్షణం ముందు తన కుడి చేతిని వెనక్కి లాగింది. సరిగ్గా అప్పుడే అది లేచింది. నేను విమానాన్ని చూడడానికి పోయాను గానీ, నాకు గుర్తున్నవి ఆ రెండు చేతులే.

ఆరున్నరకు తుక్కుగూడలో అచ్చంపేట బస్సు ఎక్కాను. ఆ తర్వాత పదిహేను రోజులు అక్క దగ్గర నుంచి సరైన కబురు లేదు. కంపెనీవాళ్లు పిలిచారు, రాసివ్వమన్నారు, రాసిచ్చింది. పెద్దబాపు కంటికి కట్టు విప్పేశారు గానీ, ఫోన్ మోగితే చాలు అందరికంటే ముందు లేస్తున్నాడు. నిన్ననే తెలిసింది. వచ్చే బుధవారం మళ్లీ చెక్, ఆ రోజు పరీక్ష చేయాల్సిన కెప్టెనే. "నువ్వు రా తమ్మీ" అని అక్క మెసేజ్ పెట్టింది. కింద ఇంకో మాట, "చేతులూపుకుంట రా." ఆ గురువారం నుంచి నేను ఆలోచిస్తున్నది ఒకటే. గొట్టానికి తెలిసేది ఊపిరి ఒక్కటే, మిగతాది మనం నోటితో చెప్పాలి. అక్క ఫోన్‌లో చెప్పింది. నేను ఆటోలో చెప్పాను. ముందే బస్సులో చెప్పి ఉంటే ఇదంతా రాసే పనే ఉండేది కాదు.

ఈ దారిన పోయేవాళ్లకు ఒక్క మాట. డ్యూటీకి పోయే మనిషి బస్సు డ్రైవరైనా, పైలటైనా, మీ సీసా వాళ్ల చేతికిచ్చే ముందు లోపల ఏముందో నోరు తెరిచి చెప్పండి.