కౌంటన్న వాటాల బజారు

ఆ రోజుల్లో నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఈ మాట నాకు నేను చెప్పుకుని చాలా ఏళ్లు హాయిగా నిద్రపోయాను. నిజమే, ఆడలేదు. చెప్పవలసిన చోట నోరు మూసుకున్నాను, అంతే. అలా మూసుకోవడం వల్ల బోగోలు చుట్టుపక్కల రొయ్యల గుంటల మీద ఒక మంచి మనిషికి దొంగ అన్న పేరు వచ్చింది, అది ఇంకా పూర్తిగా పోలేదు. నాకిప్పుడు నలభై ఆరేళ్లు. నెత్తిన జుట్టు పోయింది, బీపీ మాత్ర వచ్చింది. ఇక దాచడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చదువుతూ నవ్వుకోండి, తప్పు లేదు. కాకపోతే నన్ను చూసి నవ్వండి, ఆయన్ను చూసి కాదు.

డిగ్రీ ముగించి జువ్వలదిన్నె దగ్గర ఒక రొయ్యల కంపెనీ షెడ్డులో చేరాను. రైతులు తెచ్చిన రొయ్యలకు స్లిప్పులు రాయడం, పొద్దున్నే కంప్యూటర్‌లో ఆ రోజు ధరలు చూసి బోర్డు మీద ఎక్కించడం నా పని. రొయ్యల సంగతి తెలియనివాళ్లకు ఒక్క ముక్క చెప్పాలి. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంట్. ముప్పై తూగితే ముప్పై కౌంట్, పెద్ద రొయ్య, మంచి ధర. అరవై తూగితే అరవై కౌంట్, చిన్న రొయ్య, ధర అంతంత మాత్రం. అంటే మా షెడ్డులో అంకె దిగితే పండగ, ఎక్కితే ఏడుపు. లోకమంతా ఒక దారి, మేమొక దారి.

ఆ కౌంట్ చెప్పేది ఒకే మనిషి. అందరూ ఆయన్ను కౌంటన్న అనేవాళ్లు. సముద్రం మీద వేటకు పోయే ఇంట్లో పుట్టాడు, అప్పటికి నలభై దాటాయి. బుట్టలో చెయ్యి పెట్టి, ఒక గుప్పెడు పైకెత్తి, అరక్షణం ఆగి "ముప్పై మూడు" అన్నాడంటే అది ముప్పై మూడే. మొదట్లో రైతులు తూకం వేసి లెక్కపెట్టి చూశారట. ఒకటికి మించి ఎప్పుడూ తేడా రాలేదట. తర్వాత లెక్కపెట్టడమే మానేశారు. రైతుకూ కంపెనీకీ మధ్య నమ్మకం అంటూ ఉన్నది ఆ ఒక్క చేతి మీదే. నమ్మకం లేనిది మా మేనేజర్ గారికి. ఆయన తన గొడుగును కూడా రెండుసార్లు విప్పి చూసిగానీ పట్టుకునేవాడు కాదు. ధరలు పక్క కంపెనీకి ఎవరో చేరవేస్తున్నారని ఆయన అనుమానం. కంప్యూటర్ ధరలకు తప్ప ఇంకెందుకైనా ముట్టుకుంటే ఇంటికే అని మొదటిరోజే చెప్పాడు. (నాకు ముందున్నతను అందులో పేకాట ఆడుతూ దొరికి మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయాడు.)

అంత చెప్పినా నేను ముట్టుకున్నాను. నెల్లూరులో చదివేటప్పుడు ఇంటర్నెట్ సెంటర్‌లో ఒక ఆట అలవాటైంది. తెర మీద ఒక వింత జంతువును పెంచుకోవాలి, దానికి రోజూ తిండి పెట్టాలి. పెట్టకపోతే చచ్చిపోదుగానీ, మన వంక చూసే చూపు ఉంటుందే, దానికన్నా చావడమే నయం అనిపిస్తుంది. తిండికి గవ్వలు కావాలి (ఆటలో చెల్లే డబ్బుకు నేను పెట్టుకున్న పేరు). గవ్వలకు ఒక వాటాల బజారు ఉండేది. సూపు కాచే కంపెనీ, ఎగిరే చెప్పుల కంపెనీ, ఇలాంటివాటి వాటాలు కొని అమ్ముకోవచ్చు. ఒకరోజు పొద్దున నేను నా జంతువుకు గంజి పోస్తుండగా వెనక కౌంటన్న నిలబడి ఉన్నాడు.

"ఏందిరా దాస్తుండావు?"

"ఏం లేదన్నా, రేట్లు."

"రేట్లకి చెవులుంటాయా? నేను చూసినా. ఇంతింత చెవులుండాయి దానికి." గొంతు తగ్గించాడు. "నిజం చెప్పు. పక్క కంపెనీవోళ్లకి సైగలు చేస్తుండావా?"

దొంగ కంటే పిచ్చివాడు అనిపించుకోవడమే మేలని తెర తిప్పి చూపించాను. గడ్డం తెరకు ఆనేంత దగ్గరికి వంగి చూశాడు.

"ఇదేం చేపరా?"

"చేప కాదన్నా, జంతువు."

"తోక చేపదే గదా. ఏందో రాసుండాది దాని కింద?"

"ఆకలిగా ఉందని."

"మరి పెట్టు! అట్టా చూస్తా కూర్చున్నావేందిరా, మనిషివేనా నువ్వు?"

మేనేజర్ గారికి చెప్పొద్దని బతిమిలాడాను. "ఎవురు అడిగినా నా నోట రాదు, పో" అన్నాడు. ఆ మాట ఎంత బరువైనదో నాకు అప్పుడు తెలియలేదు. వారం తిరక్కుండానే తనకూ ఒకటి కావాలన్నాడు. నీలం రంగుది ఎంచుకుని నల్లోడు అని పేరు పెట్టాడు. "నీలంగా ఉంది కదన్నా" అంటే, "పెరిగితే నల్లబడతాడు. మా ఇంట్లో అందరమూ అంతే" అన్నాడు.

ఆయనకు ఇంగ్లీషు రాదు. అంకెలు మాత్రం ఎవరికన్నా బాగా వచ్చు. అందుకని పాత స్లిప్పుల వెనక ఆయన కోసం ఒక పాఠం రాశాను. దానికి 'కొత్తవాళ్లకు వాటాల బజారు' అని శీర్షిక కూడా పెట్టి కింద గీత గీశాను, అంత గర్వం. ముందు కడుపు, తర్వాత వ్యాపారం, కాబట్టి నల్లోడికి తిండి పెట్టకుండా వాటాల జోలికి పోవద్దు. ఉన్న గవ్వలన్నీ ఒకే కంపెనీలో పోయొద్దు. రోజుకు వెయ్యి వాటాలకు మించి కొననివ్వరు, గొణగొద్దు. ఒక్కరోజు ధర చూసి కంగారు పడొద్దు, వారం ఓపిక పట్టు. చవగ్గా ఉన్నప్పుడు కొను, ప్రియమయ్యాక అమ్ము. ఇంతవరకూ రాసి, ఇంతకన్నా చెప్పేదేముందని ముగించాను. చవక అంటే ఏ అంకె, ప్రియం అంటే ఏ అంకె అన్నది రాయలేదు. అది కూడా రాయాలా అనుకున్నాను.

మరునాడు ఆయన తెరంతా పరికించి, సూపు కంపెనీ దగ్గర వేలు పెట్టి, "ఇది అరవైలో ఉండాది. బాగా చవక. కొనెయ్" అన్నాడు. నొక్కేశాను. నొక్కాక అర్థమైంది. ఇరవై ఏళ్లుగా రొయ్యను చూసిన కళ్లతో ఆయన బజారును చూస్తున్నాడు. ఆయనకు అరవై అంటే పొట్టి రొయ్య, పదిహేను అంటే చెయ్యంత రొయ్య. వాటా అరవై నుంచి ఎప్పుడు దిగుతుందా, ఎప్పుడు కోటీశ్వరుణ్ణి అవుతానా అని ఎదురుచూడబోతున్నాడు.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అంకెల్లో ఎన్నడూ తప్పని మనిషి అంకెల్లో తప్పడం చూడటానికి భలే ముచ్చటేసింది. రెండురోజులు నవ్వుకుని చెబుదామనుకున్నాను, మూడు వారాలు నవ్వుకున్నాను. ఆయన గవ్వలు కరిగిపోతుంటే నల్లోడికి నా గవ్వలతో తిండి పెట్టేవాణ్ణి. నల్లోడు నిగనిగలాడుతుంటే వ్యాపారం బ్రహ్మాండంగా ఉందని ఆయన నమ్మేవాడు. వాటా పడిన రోజు పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ బయటికి వచ్చేవాడు, పెరిగిన రోజు మూతి ముడుచుకుని వచ్చేవాడు.

ఆ మొహాన్ని చూసేవాళ్లు బయట ఉన్నారని మా ఇద్దరికీ తట్టలేదు. పొద్దున్నే కంప్యూటర్ గదిలో తలుపేసుకుంటున్నాడు, అందులోంచి ఒక్కోరోజు ఒక్కో మొహంతో వస్తున్నాడు, వచ్చి తిన్నగా బుట్టలో చెయ్యి పెడుతున్నాడు. రైతులకు నిద్ర పట్టలేదు. వాళ్లలో పెద్ద గుంటలున్నాయన, అందరూ మీసాల మామ అనే ఆయన, టీ బంకు దగ్గర సభ పెట్టగా నేను చెవులారా విన్నాను.

"నవ్విన రోజు కంపెనీకి లాభం. మూతి ముడుచుకున్న రోజు మనకి లాభం. నేను కనిపెట్టినా."

"మరి మొన్న మూతి ముడుచుకునే వచ్చినాడే, నా రొయ్యకి నలభై చెప్పినాడు గదా మామా?"

"అది నీకు అనుమానం రాకుండా!"

ఆ జవాబుకు బంకంతా తలలూపింది. ఇద్దరు ముగ్గురు ఆ రోజే గుంటల్లో రొయ్యలు పట్టడం వాయిదా వేసుకున్నారు, అన్న మొహం చూసుకుని పడదామని. నేను టీ తాగి, గ్లాసు పెట్టి, ఏమీ విననట్టు వచ్చేశాను. (అప్పటికి అదొక వేళాకోళంగానే ఉంది నాకు.)

ఒకరోజు సూపు కంపెనీ ఆరుకు దిగింది. కౌంటన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఆరు కౌంట్ రా! నా జన్మలో చూడలా. అమ్మెయ్, మొత్తం అమ్మెయ్!" ఇక దాచే దారి లేక చెప్పాను. చవక ఏదో, ప్రియం ఏదో, మూడు వారాలుగా నాకు తెలుసన్నది కూడా. ఆయన అరవలేదు. తెర వంక కాసేపు చూసి, "మరి నల్లోడికి తిండి ఎవురు పెట్టినారు?" అన్నాడు. నేనే అన్నాను. "అట్టనా" అని తలుపు తీసుకుని బయటికి పోయాడు. డబ్బు పోయినవాడి మొహం కాదది. తమ్ముడనుకున్నవాడు వెనక నవ్వాడని తెలిసిన మొహం.

బయట మీసాల మామ బుట్టలు దిగి ఉన్నాయి. మేనేజర్ గారూ గొడుగుతో అక్కడే ఉన్నాడు. అన్న చెయ్యి పెట్టి, గుప్పెడు ఎత్తి, "ముప్పై ఆరు" అన్నాడు. మామ ముప్పై రెండు వస్తుందని ఇంట్లో చెప్పి వచ్చాడట.

"లెక్కపెట్టండి" అన్నాడు మామ.

ఆ షెడ్డులో ఆ మాట అని ఎన్నేళ్లయిందో. కిలో తూచి బల్ల మీద పోసి లెక్కపెట్టారు. ముప్పై ఆరు. అంతటితో అయిపోతుందనుకున్నాను. కానీ అనుమానానికి సరైన లెక్క చూపిస్తే ఇంకా బలుస్తుందని నాకేం తెలుసు?

"ఈరోజు లెక్కపెట్టిస్తిమి కాబట్టి సరిపోయింది. లెక్కపెట్టని రోజుల సంగతేంది? రోజూ తలుపేసుకుని ఆ పెట్టెలో ఏం చూస్తుండావు నువ్వు? అందరి ముందరా చెప్పు!"

అందరూ అన్న వంక చూశారు. అన్న నా వంక ఒక్కసారి చూశాడు. నేను స్లిప్పుల పుస్తకం వంక చూశాను. 'ఆట, మామా. నేనే నేర్పాను' అనాలి. ఎక్కువ మాటలు కూడా కావు. మేనేజర్ గారి గొడుగు కనపడింది, మధ్యాహ్నం బస్సు కనపడింది, ఇంట్లో ఏం చెప్పాలో కనపడలేదు. పుస్తకంలో తేదీ వేసిన చోటే మళ్లీ తేదీ వేశాను.

"అది చెప్పేది కాదు మామా" అన్నాడు అన్న. చేతులు కడుక్కున్నాడు. మరునాటి నుంచి కౌంట్ చెప్పడానికి రాలేదు. ఐసు దించే పనికి మారాడు. చెప్పనన్నాడు కాబట్టి దొంగే అని అందరూ తేల్చుకున్నారు. ఆట నేనూ మానేశాను. ఏడాది తిరిగేసరికి నెల్లూరులో వేరే ఉద్యోగం దొరికి ఊరు మారాను, కొన్నేళ్లకు కృష్ణపట్నం పోర్టులో చేరాను.

మొన్న కంపెనీ బస్సులో నా పక్కన కొత్తగా చేరిన ఒక ఇంజనీరు కూర్చున్నాడు. వాళ్లది బోగోలు పక్కనేనట. మాటల్లో రొయ్యలొచ్చాయి. "మా తాత చెప్తుంటాడు సార్. ఆ కాలంలోనే కంప్యూటర్ పెట్టి కౌంట్ మార్చేవాడంట ఒకడు. ఎంత తెలివో చూడండి!" అని నవ్వాడు. నేనూ నవ్వబోయాను, రాలేదు. ఆదివారం బండి తీశాను.

కౌంటన్న హార్బరు దారిలో ఇంటి ముందు కూర్చుని ఉన్నాడు. అరవై దాటాయి. నన్ను గుర్తుపట్టి పీట వేయించాడు. నేను వర్షాల దగ్గర మొదలుపెట్టి, పిల్లల చదువుల మీదుగా, చాలా దూరం తిరిగి ఆ సంగతికి వచ్చాను. మధ్యలోనే ఆపేశాడు.

"నాకు తెలిసిందే గదరా. నాకెందుకు చెప్తుండావు? తెలియనోళ్లకి చెప్పు పో."

"నువ్వూ రా అన్నా."

"నేనొస్తే నువ్వు నేను తెచ్చుకున్న సాక్షివంటారు."

ఒక్కణ్ణే పోయాను. మీసాల మామ టీ బంకు దగ్గర నలుగురు ముసలివాళ్లతో ఉన్నాడు. మీసాలు తెల్లబడ్డాయి, అనుమానం మాత్రం పచ్చగానే ఉంది. నేను చెప్పడం మొదలుపెట్టగానే, "నిన్ను ఆయన పంపినాడా?" అన్నాడు. ఆయన చెప్పమన్నాడుగానీ, తను రానన్నాడన్నాను. "ఇన్నేళ్లకి ఇప్పుడెందుకు చెప్తుండావు? ఓట్లకేమన్నా నిలబడుతుండావా?" లేదన్నాను. చెవుల జంతువు, గంజి, నల్లోడు, సూపు కంపెనీ, అరవై కౌంట్ వాటా, అన్నీ చెప్పాను. "చవకని అరవైకి కొన్నాడా? నేనైనా అట్టనే కొందును గదా!" అని ఒకాయన అనేసరికి బంకంతా నవ్వు. మామ ఒక్కడే నవ్వలేదు.

"ఎవురికీ చెప్పనని నీకు మాటిచ్చినాడా?"

"అవును మామా."

"ఆ మాట కోసం నాకాడ దొంగ అనిపించుకున్నాడా?"

"అవును."

మామ టీ సగంలో వదిలేసి, నా బండి వెనక ఎక్కి కూర్చున్నాడు. "పోనీయ్" అన్నాడు. కౌంటన్న మమ్మల్నిద్దరినీ చూసి పైకి లేచాడు. మామ నా భుజం మీద చెయ్యి వేసి ముందుకు తోశాడు, బడికి ఆలస్యమైన పిల్లవాణ్ణి తోసినట్టు. బట్టతల, కళ్లద్దాలు, ఇంత పొట్ట వేసుకుని ఇద్దరు పెద్దవాళ్ల మధ్య చేతులు కట్టుకుని నిలబడ్డాను. గొంతు మాత్రం షెడ్డులో చేరిన మొదటిరోజు గొంతే వచ్చింది.

"అన్నా, ఆ రోజు మామ అడిగినప్పుడు చెప్పాల్సింది నేను. నీ వెనక నవ్వింది నేను, నువ్వు మాట నిలబెట్టుకుంటుంటే తలవంచుకుని నిలబడింది నేను. నీ కౌంట్ ఏ రోజూ తప్పు కాదు. తప్పు నాది. నన్ను క్షమించు."